పడుచుప్రాయమున మధుమేహము



మధుమేహము నెరసినవారి వ్యాధి యనియు, గద్దెపై గూర్చుండి భుజించు షావుకారుల వ్యాధి యనియు మన పెద్దలు తలంచుచుండిరి. ఆ తలంపు నేడు చెల్లదు. పాతికయేండ్లు నిండని రైతుబిడ్డలకును నిది సోకుచున్నది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము మన దేశమున మధుమేహులు పదికోట్లకు పైగా నున్నారు. ఆ యంచున నిలిచినవారు మఱి 13 కోట్ల 60 లక్షలు.

ఈ వ్యాధి యొంటరిగా రాదు. నడుము లావగుట, రక్తపుపోటు హెచ్చుట, రక్తమున ట్రైగ్లిసరైడులను క్రొవ్వు పెరుగుట, మేలుచేయు హెచ్.డి.ఎల్. తఱుగుట, చక్కెర మించుట అను నైదింటిలో మూడు కూడినయెడల వైద్యులు దానిని మెటబాలిక్ సిండ్రోము అందురు. వీనిలో పెక్కింటికి మూల మొక్కటియే యని అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లో వివరించెను. ఇన్సులిను రక్తమున నున్నను కండయు, కాలేయమును దాని యాజ్ఞను పాటింపకుండుటయే యా మూలము. కాలువ నిండుగ బాఱుచున్నను తూము పూడినచో మడి తడవదు గదా! క్లోమము మఱింత ఇన్సులినును విడిచి విడిచి, తుదకు అలసిన యెద్దువలె గూలబడును.

అరువదవ యేట వచ్చినదానికంటె చిన్నతనమున వచ్చినది క్రూరమైనది. బాల్యముననే ఈ రెండవ తరగతి మధుమేహము సోకినవారిని అమెరికాలో ఏండ్ల తరబడి కనిపెట్టి 2021లో ఫలితములు వెల్లడించిరి. సగటున ఇరువదియాఱేండ్ల ప్రాయమునకే నూటికి అరువదిమందికి మూత్రపిండములందో, నరములందో, కంటియందో చెఱుపు కనబడెను. ఇరువదియాఱేండ్ల కొడుకనగా నింటికి కాడిమోయువాడు. వానిని నమ్మియే కదా మనము అప్పునకు చేవ్రాలు చేయుదుము!

దీని బీజము తల్లిగర్భముననే పడుననుటకు మన తెలంగాణమే సాక్ష్యము. 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు చెంతనున్న కొన్ని పల్లెలలో గర్భిణులకును, ఆఱేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టిరి. ప్రక్క పల్లెలలో పెట్టలేదు. మొత్తము 29 గ్రామములు. జాతీయ పోషకాహార సంస్థ మొదలగువారు 2003–05లో ఆ పిల్లలను పరీక్షింపగా, ఉప్మా పెట్టిన పల్లెలవారు 14 మిల్లీమీటర్లు పొడవుగ నుండుటయే గాక, వారిలో ఇన్సులిను ధిక్కారమును తక్కువగ నుండెను. పుణెకు చెందిన డాక్టరు యాజ్ఞిక్ గారు మన శిశువులు బరువున ఆంగ్ల శిశువులకంటె తక్కువయైనను క్రొవ్వున తీసిపోరని చూపిరి. కావున “మావాడు బక్కవాడు, వానికేమి భయము?” అనుట పొరపాటు.

ఇక మన సంగతి. 1956 వఱకు బీదరు జిల్లాలో నుండిన నారాయణఖేడు ప్రాంతము జొన్నరొట్టె తిన్న సీమ. 1983లో రెండురూపాయల బియ్యము వచ్చిన పిమ్మట పళ్లెములు తెల్లబడినవి. ఆకలి తీర్చిన బియ్యమును నేను నిందింపను. అయితే నాగలికి మాఱు ట్రాక్టరును, నడకకు మాఱు మోటారుసైకిలును వచ్చినను ముద్ద తగ్గలేదు. పైగా సీసాలలోని తీపినీళ్లు తోడైనవి. మనము విడిచిన జొన్నలనే పట్టణవాసులిపుడు వైద్యుని మాటపై వెదకి కొనుచున్నారు! జొన్న మందు కాదు. ఆఱు రొట్టెలు తిని చక్కెర చాయ త్రాగినవానికి అదియు తోడ్పడదు.

ఊరూర జరుగు చక్కెర పరీక్షలు ముప్పదియేండ్లు నిండినవారి కుద్దేశింపబడినవి. కుఱ్ఱవా రందు జిక్కరు. కావున మనమే చూచుకొనవలెను. మెడవెనుక చర్మము నల్లబడి మందమైనచో అది మురికి కాదు. ఎంత తోమినను పోదు. దర్జీ టేపును కడపటి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడుమ చుట్టి, ఊపిరి విడిచిన పిమ్మట కొలువుడు. మగవారికి 90, ఆడువారికి 80 సెంటీమీటర్లు మించినయెడల, తల్లిదండ్రులలో నెవరికేని మధుమేహమున్నయెడల, పరగడుపున ప్రభుత్వ వైద్యశాలకు బోయి చక్కెరను, రక్తపుపోటును చూపించుకొనవలెను. పరగడుపు చక్కెర 100 దాటినచో అంచు. 126 చేరినచో మఱల పరీక్షించి వ్యాధిని నిర్ణయింతురు.