పుచ్చుపళ్లు వంశపారంపర్యమా?

"మా ఇంటిల్లిపాదివీ పుచ్చుపళ్లే, వీడికి రాకుండా ఉంటుందా?" అంటారు కొందరు తల్లులు. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అంటారు ఇంకొందరు. మొదటి మాటలో సగం నిజముంది. రెండోది పూర్తిగా పొరపాటు.

పన్ను ఎలా పుచ్చుతుందో ముందు చూద్దాం. నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే పన్ను పైపొర ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను మెల్లగా తిరిగి చేరుస్తుంది. పిల్లలు గంటగంటకూ తీపి తింటుంటే ఆ మరమ్మతుకు వ్యవధి దొరకదు. నష్టం పేరుకుని గుంట పడుతుంది.

ఇందులో జన్యువుల పాత్ర ఉంది. ఎనామిల్‌ను నిర్మించే అమెలోజెనిన్, ఎనామెలిన్ ప్రోటీన్లు, లాలాజలం గుణం, దవడ పళ్ల మీది గాడుల లోతు, చివరకు తీపి మీద మక్కువ కూడా కొంతవరకు పుట్టుకతో వచ్చేవే. అయితే 5 నుంచి 11 ఏళ్ల 485 కవల పిల్లల జంటల పళ్ల పాచిని పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. వారసత్వ ప్రభావం బలంగా కనిపించిన బ్యాక్టీరియా వేరు, పుచ్చుతో ముడిపడినవి వేరు. అంటే వారసత్వంగా వచ్చేది పుచ్చు కాదు, పుచ్చే అవకాశం. పైగా ఒకే ఇంట్లో ఉండేవారి తిండి అలవాట్లూ ఒకటే, అవీ తరతరాలుగా వచ్చేవే.

కాబట్టి ఇంట్లో పుచ్చుపళ్లు ఉంటే జాగ్రత్త ముందే మొదలుపెట్టాలి. తొలి పన్ను కనిపించిన నాటి నుంచే ఫ్లోరైడ్ పేస్ట్‌తో రోజుకు రెండుసార్లు తోమాలి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల వరకు బఠానీ గింజంత పేస్ట్ చాలు. తోమేది పెద్దలే కావాలి. నల్గొండ వంటి చోట్ల తాగునీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు, అక్కడివారు వైద్యులనడిగి వాడాలి. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టకూడదు, ఎందుకంటే నిద్రలో లాలాజలం తగ్గుతుంది. మిఠాయి, బిస్కెట్లు పెట్టదలిస్తే భోజనంతోపాటే పెట్టండి.

చిగురు దగ్గర పన్ను మీద సున్నపు గీతలాంటి తెల్లని మచ్చ కనిపిస్తే అది పుచ్చుకు తొలి మెట్టు. అక్కడే ఫ్లోరైడ్ వార్నిష్ పూయిస్తే ఆగే అవకాశం ఉంది. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనుక ఏ పన్నూ ఊడకుండానే వచ్చే దవడ పన్ను శాశ్వతమైనది. దాని గాడులను సీలెంట్‌తో మూయించవచ్చు.

పాలపళ్లు తర్వాత వచ్చే శాశ్వత పళ్లకు చోటు కాపాడతాయి. వాటి నొప్పి బిడ్డ తిండినీ నిద్రనూ చెడగొడుతుంది. మీ నోటి బ్యాక్టీరియా బిడ్డకూ చేరవచ్చు కాబట్టి, మీ పళ్లు పుచ్చి ఉంటే ముందు వాటికి వైద్యం చేయించుకోండి. మొదటి పుట్టినరోజులోపే బిడ్డను దంతవైద్యునికి చూపించండి.