కొత్త ట్యాబ్‌కు బరంపురం పెట్టే పరీక్ష

కొత్త ట్యాబ్ డబ్బా విప్పగానే కంటికి ఆనేవి దాని మెరుపు, బరువు, రంగులు. షాపులో చూపించేవీ అవే. గంజాం జిల్లాలోని తెలుగు ఇంటికి మాత్రం అవి చాలవు. బరంపురంలో తెలుగువారి పిల్ల అమ్మమ్మతో తెలుగు మాట్లాడుతుంది, వీధిలో ఒడియా మాట్లాడుతుంది, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో చాలా భాగం, బరంపురంతో సహా, అందులో కలిసింది. ఆ తర్వాత కూడా తెలుగు మాట ఇళ్లలో నిలిచింది. తెలుగు రాత మాత్రం చాలా ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆ రాత పిల్లల చేతికి మళ్లీ అందడానికి ట్యాబ్ మంచి అవకాశం. అయితే ఆ అవకాశం నిలుస్తుందా జారిపోతుందా అన్నది చాలావరకు మొదటి గంటలోనే తేలిపోతుంది. కొత్త ట్యాబ్ మీద అభిప్రాయం ఏర్పరచుకోవలసింది సెట్టింగ్స్‌లోని భాషల పేజీ దగ్గర అని నేననడం అందుకే.

ముందు కంటి సంగతి. ఇంగ్లీషు అక్షరాలకు పెద్దగా అవసరం పడని చోటు తెలుగుకు కావాలి. గుడి పైన ఎక్కుతుంది, వత్తు కింద దిగుతుంది, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. స్క్రీన్‌లో చుక్కలు పలచగా ఉంటే ముందు అలుక్కుపోయేది ఆ వత్తే. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ‘ఆకాశ్’ ట్యాబ్‌లో 7 అంగుళాల తెర మీద 800 అడ్డం, 480 నిలువు చుక్కలుండేవి. అంటే అంగుళానికి సుమారు 133. ఇప్పుడు మధ్యరకం ధరలో దొరికే 11 అంగుళాల ట్యాబ్‌లో 1920, 1200 చొప్పున ఉంటే అంగుళానికి 200 దాటుతాయి. అందుకని షాపులో సినిమా పాట పెట్టి చూడడం కంటే ఒక తెలుగు దినపత్రిక పేజీ తెరిచి, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో వత్తులు విడివిడిగా కనబడుతున్నాయో లేదో చూడడం మేలు.

ఆకాశ్ నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. దాని తెర వేలి స్పర్శను కాక ఒత్తిడిని గుర్తించే రకం. గట్టిగా నొక్కితే గాని కదలదు. బ్యాటరీ త్వరగా అయిపోయేది, పని నెమ్మది. విన్నవాళ్లందరికీ ఈ లోపాలే గుర్తుండిపోయాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోని లోపం మరొకటుంది. అందులోని ఆండ్రాయిడ్ 2.2లో తెలుగు వత్తుల కూర్పుకు ఏర్పాటే లేదు. ఆండ్రాయిడ్ ఆ ఏర్పాటును చేర్చుకున్నది 2012లో వచ్చిన 4.1తో. హైదరాబాదులో బిగించిన ట్యాబ్‌కు తెలుగు రాయడం రాలేదంటే, తయారయ్యే ఊరును బట్టి భాష దానంతటదే వచ్చి చేరదని తెలుస్తుంది. ఖరీదైన వాటికీ ఈ బాధ తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షరాల వరుస సందేశంలో వస్తే ఐఫోన్లు, ఐప్యాడ్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో సరిదిద్దింది. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు. యంత్రానికి అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు. ఏడింటినీ సరైన వరుసలో పేర్చి రెండు అక్షరాలుగా చూపించడం చిన్న పనేమీ కాదు.

ఇప్పటి ట్యాబ్‌లకు ఆ పని వచ్చు. కానీ అడిగితేనే చేస్తాయి. చాలావాటిలో ఇంగ్లీషు కీబోర్డు ముందే సిద్ధంగా ఉంటుంది, తెలుగును మనం వెళ్లి చేర్చుకోవాలి. మొదటి రోజు చేర్చకపోతే రెండో రోజు నుంచి అమ్మమ్మకు సందేశం కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే వెళుతుంది, అదే అలవాటైపోతుంది. సరిహద్దు అవతల, బరంపురానికి దగ్గర్లోనే ఉన్న ఇచ్ఛాపురంలో పరిస్థితి వేరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచినప్పుడు పాఠాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ముందే ఎక్కించి ఇచ్చారు. బరంపురం పిల్లకు ఆ పని ఇంట్లోవాళ్లే చేసిపెట్టాలి.

ఫోన్ చాలదా అని ఎవరైనా అడగవచ్చు. సందేశాలకు చాలు, పుస్తకానికి చాలదు. పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన బొమ్మలుగా ఉన్నాయి. బొమ్మలోని అక్షరాన్ని పెద్దది చేస్తే పేజీ అంచులు దాటిపోతుంది, ఫోన్‌లో ప్రతి వాక్యానికీ అటూ ఇటూ జరుపుకోవాలి. పది అంగుళాల తెర మీద పేజీ పేజీగానే కనబడుతుంది. ట్యాబ్ తెరను రెండు భాగాలు చేసుకునే వీలు బరంపురం పిల్లలకు మరీ పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా దొరుకుతాయి. రెండు భాషల్లోనూ ఉన్న కథను ఎంచుకుని ఒక పక్క ఒడియా, ఇంకో పక్క తెలుగు పెడితే, ఒడియా చదవడం వచ్చి తెలుగు మాట్లాడడం వచ్చిన పిల్లకు కొత్తగా నేర్చుకోవలసింది లిపి ఒక్కటే మిగులుతుంది. కథ తెలుసు, మాట తెలుసు, బొమ్మ ఎదురుగా ఉంది. ఇంత అనుకూలమైన చోటు నుంచి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టే పిల్లలు తక్కువ.

నోటితో చెబితే యంత్రమే రాసిపెడుతుంటే లిపి ఎందుకని కొందరంటారు. కీబోర్డు మీద వేళ్లాడని పెద్దవాళ్లకు అది నిజంగా వరం. అయితే యంత్రం రాసింది సరిగా ఉందో లేదో చూడాలన్నా చదవడం రావాలి. ఒడియా మాటలు కలిసిన గంజాం తెలుగును అది తప్పుగా వినే అవకాశం ఎక్కువ కనుక, ఆ చూపు ఇక్కడ మరింత అవసరం.

ఇంతకంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. పిల్లలకు ట్యాబ్ ఇస్తే వీడియోలు చూస్తారు, ఆటలాడతారు, పుస్తకం ఎవరు తెరుస్తారు? దీన్ని తోసిపుచ్చలేం. పెరూ దేశంలో పిల్లలకు లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచాక చేసిన పరిశీలనలో లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరగలేదని తేలింది. బడుల్లో సాంకేతికతను ఆచితూచి వాడాలని 2023లో యునెస్కో నివేదిక హెచ్చరించింది. ట్యాబ్ చదువు చెబుతుందని నేననడం లేదు. చెప్పేది ఇంట్లో మనిషే. రోజూ ఒక్క కథ పక్కన కూర్చుని చదివించే పెద్దవాళ్లు లేని ఇంట్లో ఆ డబ్బు ట్యాబ్ మీద పెట్టనవసరం లేదు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో మాత్రం, తెలుగు పుస్తకాల దుకాణం దగ్గర్లో లేని లోటును అది నిజంగానే తీరుస్తుంది.

చివరి పరీక్ష గంజాం వాతావరణం పెట్టేది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు, నెట్ ఒకేసారి పోయే సీమ ఇది. అందుకే కొన్న రోజే పుస్తకాలు, నిఘంటువు, కీబోర్డు భాషలు దించుకుని, ఏరోప్లేన్ మోడ్ నొక్కి చూడాలి. అప్పుడు కూడా తెలుగులో టైపు పడుతూ, కథ తెరుచుకుంటూ ఉంటే ఆ ట్యాబ్ ఈ ఊరికి పనికొస్తుంది. ఒక్క చక్రం తిరుగుతూ ఆగిపోతే ఏది దించుకోలేదో చూసి, నెట్ ఉండగానే దాన్ని ఎక్కించుకోవాలి.