ఎప్పుడు వెళ్ళినా టిఫిన్
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మీరు పొద్దున్న ఎన్నింటికి టిఫిన్ చేస్తారు? చెయ్యటం అంటే వండటం కాదండోయ్, తినటం. వండటం ఏడింటికే అయిపోతుంది. పిల్లలకో వాయి, ఆయనకో వాయి, అత్తగారికి మెత్తగా ఇంకో వాయి. డబ్బాలు సర్ది, అందర్నీ సాగనంపి, గిన్నెలు సింకులో పడేసి మనం కూర్చునేసరికి పదకొండవుతుంది. అప్పటికి ఇడ్లీ చల్లారిపోతుంది, దోసె అట్టముక్కలా తయారవుతుంది. పెనం మీది దోసె వేడివేడిగా అందరి పళ్ళెంలోనూ పడుతుంది, వేసే మనిషి పళ్ళెంలో తప్ప.

ఈ సంగతి నాకు తట్టింది ఇంట్లో కాదు, మా కొత్తగూడలో ఒక చిన్న టిఫిన్ హోటల్లో. పోయిన ఎండాకాలం మిక్సీ చెడిపోతే బాగుచేయించుకుని వస్తున్నాను. పదకొండున్నర అయింది. ఆకలికి కళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళి, "ఇంకా టిఫిన్ వుందాండీ?" అని మొహమాటపడుతూ అడిగాను. "ఎప్పుడైనా వుంటదమ్మా, కూర్చోండి" అన్నాడు గల్లాపెట్టె దగ్గర పెద్దాయన. నలభై దాటినదాన్ని, ఒక్కదాన్నే హోటల్లో కూర్చుని తినటం అదే మొదలు. ఎవరైనా చూస్తారేమోనని కాస్త బిడియపడ్డాను కూడా.

చుట్టూ చూస్తే నాలాంటి వాళ్ళే! మెడలో ఆఫీసు కార్డుతో నిద్రకళ్ళ అమ్మాయి, డ్యూటీ దిగిన వాచ్‌మన్, ఆటో ఆపుకుని వచ్చిన డ్రైవరు. వాళ్ళందరికీ అదే పొద్దుటి పలారం. మన పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తర్వాత ఇక్కడ చాలామంది బతుకుల్లో గడియారమే మారిపోయింది. చలికాలంలో న్యూయార్కులో పొద్దున్న 9 గంటలైతే మనకు రాత్రి 7.30. అక్కడి వాళ్ళతో పనిచేసే పిల్లకు మన సాయంత్రమే పొద్దు పొడుపు. తెల్లవారటం అందరికీ ఒకేసారి కాదన్నమాట. రోజంతా టిఫిన్ పెట్టే హోటలు నిలబడిందంటే ఇదే అసలు కారణమని నాకనిపిస్తుంది.

అయినా టిఫిన్ పొద్దుటిదేనని ఎవరన్నారు? ఆ మాట ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో వున్నప్పుడు మధ్యాహ్నం తినే తేలికపాటి తిండికి వాడుకున్నది. మనం దాన్ని పొద్దుటికీ సాయంత్రానికీ కూడా తిప్పుకున్నాం. శనివారం రాత్రి అన్నం మానేసి ఉప్మా తినే ఇళ్ళు ఎన్ని లేవు? నాలుగింటికి చుట్టాలొస్తే పెసరట్టు వెయ్యమూ? ఉడిపి హోటళ్ళవాళ్ళు ఇడ్లీ, వడ, సాంబారు ఊరూరా అలవాటు చేశారు. బెజవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న వేసిన ఇడ్లీకి పేరు పొందింది. మన ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ 1948 నాటిది. తాత తిన్న చోట మనవడు తినటం వీటి గొప్ప.

ఇక రోజంతా వేడిగా పెట్టటం ఎలా కుదురుతుందో చూద్దాం. కిటుకంతా పిండిలో వుంది. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, మనకు తెలిసిన కొలతే. రాత్రి నానేటప్పుడు కంటికి కనపడని సూక్ష్మజీవులు పిండిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. మినప్పప్పులోని జిగురు ఆ గాలిని పట్టి వుంచుతుంది, పిండి పొంగుతుంది. పొంగిన పిండిని చల్లగా పెడితే పులుపు నెమ్మదిస్తుంది. అడిగినప్పుడల్లా ఇడ్లీ ఓ పావుగంటలో ఉడుకుతుంది, దోసె అయిదు నిమిషాల్లో వస్తుంది. కాస్త పులిస్తే ఊతప్పం, ఇంకా పులిస్తే సాయంత్రం పునుగులు. మనింట్లో చేసేదే గదా! ఉప్మా అలా కాదు, చేసి వుంచితే గట్టిపడిపోతుంది. అందుకే ఆలస్యంగా వెళితే ఉప్మా అడక్కండి.

మంచి హోటలు గుర్తుపట్టటం కష్టమేమీ కాదు. జనం వస్తూ పోతూ వుండాలి, అప్పుడే పిండి, చట్నీ నిలవుండవు. సాంబారు పొగలు కక్కుతూ వుండాలి. ఎండాకాలం కొబ్బరి చట్నీ తొందరగా పాడవుతుంది, నాలుక మీద కాస్త వేసుకుని చూసి పులుపు తగిలితే పక్కన పెట్టెయ్యండి. ఫోన్లో తెప్పించుకోవచ్చు గదా అంటారేమో. దోసె డబ్బాలో తన ఆవిరికి తానే మెత్తబడిపోతుంది. దాన్ని తినాల్సింది పెనానికి పది అడుగుల దూరంలోనే.

ఇంట్లో వండుకోలేక హోటలుకెళ్ళిందని అంటారని భయమా? రోజూ నలుగురికి వండే మనిషి నెలకోసారి వేడిది తింటే తప్పేముందండీ? పొదుపు మనకు తెలియనిది కాదు. చీటీ డబ్బు పక్కన పెట్టినట్టే ఓ రెండు దోసెల డబ్బు పక్కన పెట్టుకోండి. తోడు కావాలంటే పక్కింటావిణ్ణి పిలవండి, ఆవిడా పదకొండింటికి చల్లారిన ఇడ్లీయే తింటూ వుంటుంది.

ఆ రోజు ఇంటికొచ్చి మావారితో ఇదంతా చెప్పాను. ఆయనేమీ అనలేదు. ఆ ఆదివారం మాత్రం, "నువ్వు కూర్చో" అని అట్లకాడ అందుకున్నారు. దోసె ఆంధ్రా పటంలా వచ్చింది. కానీ వేడిగా వుంది.

మరి సెలవు.