కట్టు నుంచి కాల్లో రాడ్డు దాకా

విరిగిన ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. మనిషి కనిపెట్టిన సాధనాలన్నీ చేసేది ఒకటే పని, అది అతుక్కునేదాకా ముక్కలను వరసలో పట్టి ఉంచడం. ఎంత గట్టిగా పట్టాలి, ఎంత కదలనివ్వాలి అన్నది తేలడానికి మాత్రం వైద్యానికి చాలా కాలమే పట్టింది.

ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన స్ఫటికాలు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు. శ్లాబులో కాంక్రీటూ ఇనుప చువ్వలూ పని పంచుకున్నట్టే, నొక్కుడుకు ఖనిజం ఆగుతుంది, సాగుడుకు కొలాజెన్ ఆగుతుంది. కోడి కాలి ఎముకను కొన్నాళ్లు వెనిగర్‌లో నానబెడితే ఖనిజం కరిగిపోయి, వేలితో వంచితే వంగుతుంది. అదే ఎముకను నిప్పుల్లో బాగా కాలిస్తే కొలాజెన్ పోతుంది. ఆకారం అలాగే ఉంటుంది గానీ నలిపితే పొడి అవుతుంది. రెండూ కలిసి ఉన్న ఎముక మాత్రం పెద్ద బరువులకే ఆగుతుంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కసరత్తు నేర్చిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు. ఆయన కండల గురించి చెప్పుకున్నంతగా పక్కటెముకల గురించి ఎవరూ చెప్పుకోరు.

పుట్టినప్పుడు సుమారు 300 ముక్కలుగా ఉన్న అస్థిపంజరం, కొన్ని కలిసిపోగా, పెద్దయ్యేసరికి 206 ఎముకలవుతుంది. పొడవాటి ఎముకల చివర్ల దగ్గరుండే మృదులాస్థి పొర కొత్త కణాలను పుట్టిస్తూ ఉంటే ఎముక సాగుతుంది. ఆ పొర గట్టిపడితే పొడుగు ఆగిపోతుంది. అలాగని ఎముకలో పని ఆగదు. పాత ఎముకను తినే కణాలు తింటూనే ఉంటాయి, కొత్తది కట్టేవి కడుతూనే ఉంటాయి. పెద్దవాళ్లలో ఏటా దాదాపు పదో వంతు ఎముక ఇలా కొత్తదవుతుంది.

నిలువు బరువుకు ఆగినంతగా ఎముక మెలికకు ఆగదు. ఎక్కడ విరుగుతుందన్నది పడే తీరును బట్టి ఉంటుంది. తాడిచెట్టు మీద మోకు జారి నిటారుగా పడిన గీతకార్మికుడికి దెబ్బ మడమకూ వెన్నుపూసకూ తగులుతుంది. బైకు మీంచి పడ్డవాడికి తరచు మోకాలి కింది ఎముక విరుగుతుంది. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తని అతుకు పెరుగుతుంది, తర్వాత దాంట్లో ఖనిజం చేరి గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో విరిగిన చోట ఉబ్బెత్తుగా కనిపించే తెల్లటి మచ్చ అదే. ఎముకను తినే, కట్టే కణాలు ఆ అతుకును చెక్కి పాత ఆకారానికి తేవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

అతుకు గట్టిపడేదాకా ముక్కలను పట్టి ఉంచేది కట్టు. నాటు వైద్యులు వేసే పుత్తూరు కట్టులో వెదురు బద్దలు, పసరు, కోడిగుడ్డు తెల్లసొన వాడతారు. తెల్లసొన ఆరితే గుడ్డ బిరుసెక్కుతుంది. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు లారే కూడా కట్లకు తెల్లసొనే వాడాడు. 1851లో డచ్చి సైనిక వైద్యుడు మాథైసన్ గుడ్డ పట్టీకి జిప్సం పొడి పట్టించాడు. వేడి చేసి నాలుగింట మూడు వంతుల నీటిని పోగొట్టిన జిప్సం అది. తడిపితే మళ్లీ నీరు పట్టి, వేడెక్కుతూ నిమిషాల్లో గట్టిపడుతుంది. మన ఊళ్లలో సిమెంటు కట్టు అనేది దీన్నే. వెదురైనా సిమెంటైనా ప్రమాదం ఒకటే. దెబ్బతిన్న కాలు వాస్తుంది, కట్టు వాయదు. బిగుతు ఎక్కువైతే నెత్తురు ఆడక కండ చచ్చిపోతుంది. అందుకే కట్టు వేశాక మొదటి రెండు రోజులూ వేళ్లు నీలంగా మారాయా, కదులుతున్నాయా, తిమ్మిరెక్కాయా అని చూస్తూనే ఉండాలి. విపరీతమైన నొప్పి ఉంటే ఓర్చుకోమని చెప్పకూడదు, కట్టు విప్పాలి.

తొడ ఎముక దగ్గర సిమెంటు కట్టు ఓడిపోయింది. అక్కడి కండరాల లాగుడుకు ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. కాలికి బరువులు కట్టి, రోగిని రెండు మూడు నెలలు మంచం మీదే ఉంచేవారు. చాలా వార్డుల్లో ఆ బరువులు ఇటుకలే. 1939లో జర్మనీలోని కీల్‌లో కుంట్షర్ ఎముక లోపలి మూలుగ దారిలోకే ఉక్కు రాడ్డు దింపాడు. మూలుగ పాడవుతుందని తోటి వైద్యులు మండిపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడిన అమెరికన్ సైనికులు తొడల్లో రాడ్లతో ఇంటికొచ్చాకే అక్కడి డాక్టర్లకు ఈ సంగతి తెలిసింది. మొదటి రాడ్డుకు ఒక లోపం ఉండేది, దాని చుట్టూ ముక్క తిరిగిపోయేది. రాడ్డుకు రెండు చివరలా అడ్డంగా మరలు బిగించాక ఆ లోపం పోయింది.

ఎముక మీద మరలతో పూర్తిగా బిగించే ప్లేటు కంటే రాడ్డుకు ఒక మేలు ఎక్కువ. నడిచినప్పుడు విరిగిన చోట రవ్వంత కదలిక ఉంటుంది, ఆ కదలికకే అతుకు బాగా పెరుగుతుంది. 1950ల్లో సోవియట్ పట్టణం కుర్గాన్‌లో ఇలిజరోవ్ ఇంకో అడుగు వేశాడు. సైకిలు చువ్వలతో, ఉక్కు వలయాలతో ఎముకను బయటినుంచి పట్టి, కోసిన ముక్కలను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున దూరం జరిపితే మధ్యలో కొత్త ఎముకే పెరిగింది.

ఇవన్నీ ఎముక కట్టే కణాలకు సరుకు అందినప్పుడే పనిచేస్తాయి. ఆ సరుకు లెక్క చూసేది మూత్రపిండాలు. విటమిన్ డిని పనికొచ్చే రూపానికి తెచ్చేదీ, మిగులు ఫాస్ఫరస్‌ను బయటికి పంపేదీ అవే. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, పలాస వంటి మండలాల్లో ఉంది. అక్కడైనా మరెక్కడైనా కిడ్నీ జబ్బు ముదిరితే రక్తంలో ఫాస్ఫరస్ పెరిగి, కాల్షియం తగ్గుతుంది. గొంతు దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు ఆ లోటు పూడ్చడానికి ఎముకల్లోంచే కాల్షియాన్ని తోడిస్తాయి. అలాంటి ఎముక చిన్నపాటి దెబ్బకే విరగవచ్చు. అప్పుడు రాడ్డుతో పాటు ఫాస్ఫరస్‌ను అదుపులో పెట్టే మందులు, ఆహార నియమాలు, డయాలసిస్ కూడా ఎముక వైద్యంలో భాగమవుతాయి.