వెన్నుపాముకు దెబ్బ తగిలిన తరువాత తిరిగి పనిలోకి

క్రీస్తుకు పూర్వం సుమారు 1600 సంవత్సరాల నాటి ఈజిప్టు వైద్యగ్రంథం ఒకటి నేటికీ నిలిచి ఉన్నది. గాయాల లక్షణాలూ, వాటి చికిత్సలూ అందులో వరుసగా వివరింపబడ్డాయి. మెడపూస తొలగి కాళ్ళూ చేతులూ చచ్చుబడిన రోగి ప్రస్తావన వచ్చేసరికి మాత్రం, ఇది చికిత్స చేయదగిన వ్యాధి కాదని గ్రంథకర్త తేల్చివేశాడు. ఈ తీర్పు మూడున్నర వేల ఏండ్లు చెల్లుబడి అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) వెన్నుపాము దెబ్బతిన్న సైనికులలో అత్యధికులు కొద్ది వారాలలోనో, నెలలలోనో మరణించారు. నేడు తగిన చికిత్స లభించినవారు దశాబ్దాల తరబడి జీవిస్తున్నారు. ఎందరో ఉద్యోగాలు చేసుకొంటున్నారు. తెగిన వెన్నుపామును అతికించే విద్య మాత్రం వైద్యులకు ఇప్పటికీ పట్టుబడలేదు. మరి మారినదేమిటి?

ముందుగా వెన్నుపాము చేసే పనిని తెలుసుకోవాలి. ఇది మెదడు అడుగు నుంచి నడుము పైభాగం వరకు, వెన్నుపూసల మధ్యనున్న గొట్టంలో సాగుతుంది. పెద్దవారిలో దీని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. దీని నుంచి 31 జతల నాడులు బయలుదేరి మొండెమునకు, కాళ్ళకు, చేతులకు పోతాయి. దీనిని టెలిఫోను తీగల కట్టతో పోల్చవచ్చును. కదలుమని మెదడు పంపే ఆజ్ఞలు క్రిందికి, వేడి, నొప్పి, స్పర్శ వంటి వార్తలు పైకి ఈ కట్టగుండానే పోవాలి. కట్ట ఒకచోట తెగితే, ఆ చోటికి దిగువనున్న అవయవాలకు మెదడుతో సంబంధం పోతుంది. చేతిలోని నాడి తెగినప్పుడు దాని తంతువులు రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగగలవు. వెన్నుపాములోని తంతువులు అట్లా పెరగవు.

అందుచేత దెబ్బ ఎంత ఎత్తున తగిలినదనేది ముఖ్యమైన ప్రశ్న. మెడలో పైభాగాన తగిలితే ఊపిరి పీల్చే కండరాలే పనిచేయవు. మెడలోని 5వ జత నాడులు మిగిలితే మోచేతిని ముడవవచ్చును. 6వ జత మిగిలితే మణికట్టును పైకి ఎత్తవచ్చును. 7వ జత కూడా మిగిలితే మోచేతిని బలంగా చాచి, కుర్చీ చేతులపై ఆని శరీరాన్ని పైకి లేపుకోవచ్చును. దెబ్బ ఛాతీకి దిగువన తగిలితే కాళ్ళు కదలకపోయినా చేతులు పూర్తిగా పనిచేస్తాయి. కొందరిలో తంతువులన్నీ తెగవు. అందువల్ల ఒకేచోట దెబ్బ తగిలిన ఇద్దరికి మిగిలే శక్తి ఒకే తీరుగా ఉండదు.

మిగిలిన కొద్దిపాటి శక్తి ఎంతకు ఉపకరిస్తుందో విద్యార్థులు తరగతిలోనే పరీక్షించవచ్చును. మోచేతిని బల్లపై ఆనించి, ముంజేతిని నిలువుగా నిలిపి, చేతిని సడలించి ముందుకు వ్రేలాడనివ్వాలి. అప్పుడు వేళ్ళు చాచుకొని ఉంటాయి. పిదప వేళ్ళను బిగించకుండా మణికట్టును మాత్రమే వెనుకకు వంచితే, వేళ్ళు వాటంతటవే అరచేతివైపు ముడుచుకొంటాయి. వేళ్ళను ముడిచే స్నాయువులు మణికట్టు మీదుగా పోతున్నందున, మణికట్టు వెనుకకు వంగినప్పుడు అవి బిగుసుకొని వేళ్ళను లాగుతాయి. వేళ్ళు చచ్చుబడి మణికట్టు మాత్రమే మిగిలినవాడు ఈ ఉపాయంతోనే కలమును, చెంచాను, కాగితాన్ని పట్టుకోవడం నేర్చుకొంటాడు.

ఇంత శక్తి మిగిలి ఉండగా పూర్వపు రోగులు ఎందుకు మరణించారు? చాలామందిని చంపినది తెగిన వెన్నుపాము కాదు, దాని వెంట వచ్చిన ఉపద్రవాలు. స్పర్శ లేని చర్మం ఒకే ప్రక్కన గంటల తరబడి ఒత్తుకొంటే రక్తప్రసారం నిలిచి పుండ్లు పడతాయి. మూత్రాశయం తనంతట ఖాళీ కానందున మూత్రం నిలిచి కుళ్ళు మూత్రపిండాలకు ప్రాకుతుంది. ఈ రెండింటిని నివారించవచ్చునని పట్టుదలతో చూపినవాడు లుడ్విగ్ గుట్‌మన్ (1899-1980). యూదుడైన ఈ నాడీవైద్యుడు నాజీల బాధ పడలేక జర్మనీ విడిచి 1939లో ఇంగ్లండు చేరాడు. 1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము రోగులకు ప్రత్యేక కేంద్రాన్ని తెరిచాడు. రాత్రింబవళ్ళు రెండేసి గంటలకు ఒకసారి ప్రతి రోగినీ ప్రక్కకు మరల్చేవారు. ప్రాణం నిలిపితే చాలునని ఆయన అనుకోలేదు. రోగి పన్ను చెల్లించే పౌరుడుగా ఇల్లు చేరాలన్నది ఆయన పట్టు. అందుకై మంచం మీద ఉన్ననాటి నుంచే వడ్రంగము, గడియారాల మరమ్మతు వంటి పనులు నేర్పించారు.

మన దేశంలో ఇందుకు గొప్ప ఉదాహరణ డాక్టరు మేరీ వర్గీస్. చిత్తూరుకు సమీపాననున్న వేలూరులోని క్రిస్టియన్ వైద్య కళాశాలలో వైద్యురాలుగా ఉండగా, 1954లో జరిగిన కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని ఆమెకు నడుము దిగువన చచ్చుబడింది. నిలబడి చేయవలసిన శస్త్రచికిత్సలు ఇక ఆమెకు సాధ్యం కావు. అయితే కుష్ఠు వ్యాధివల్ల వంకరపోయిన చేతులను సరిచేసే శస్త్రచికిత్సలో వైద్యుడు కూర్చునే పనిచేయవచ్చును. డాక్టరు పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె ఆ విద్యను చేపట్టి, చక్రాల కుర్చీలో కూర్చుండి రోగుల చేతులను బాగుచేశారు. అటుపిమ్మట న్యూయార్కులో డాక్టరు హోవర్డ్ రస్క్ వద్ద పునరావాస వైద్యం అభ్యసించి వేలూరుకు తిరిగి వచ్చారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలిసింది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. 1986లో ఆమె కన్నుమూశారు. ఆమె కాళ్ళు తిరిగి రాలేదు; మిగిలిన చేతులకు తగిన పని దొరికింది.

తిరిగి పనిలోకి వచ్చినవాడికి కార్యాలయంలో కావలసినవి పెద్ద కోరికలు కావు. మెట్ల ప్రక్కన వాలుదారి ఉండాలి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండేటట్లు దానిని కట్టాలి. గుమ్మాలు 90 సెంటీమీటర్ల వెడల్పుంటే కుర్చీ సులభంగా దూరుతుంది. కుర్చీ తిరుగగల మరుగుదొడ్డి లేకపోతే ఎంతటి సమర్థుడైనా రోజంతా పనిచేయలేడు. ప్రతి పావుగంటకో, అరగంటకో ఆసనం నుంచి శరీరాన్ని కొంచెం పైకి లేపుకొని చర్మానికి విశ్రాంతి ఇవ్వడమూ, నియమిత వేళలలో మూత్రాశయాన్ని ఖాళీ చేసుకోవడమూ అతని పనిలో భాగాలే. ఎండకాలంలో నీడ, గాలి అవసరం. దెబ్బకు దిగువన చెమట సరిగా పట్టనందున శరీరం త్వరగా వేడెక్కుతుంది.

తోటివారు ఒక అపాయాన్ని కూడా తెలిసి ఉండాలి. దెబ్బ ఛాతీలోని 6వ జత నాడుల వద్దగాని, అంతకు పైనగాని ఉన్నవారికి, మూత్రాశయం నిండిపోయినప్పుడు రక్తపు పోటు హఠాత్తుగా ప్రాణాపాయస్థితికి పెరగవచ్చును. తీవ్రమైన తలనొప్పి, ముఖాన చెమట దీనికి గుర్తులు. వెంటనే నిటారుగా కూర్చుండబెట్టి, బిగుతు దుస్తులు వదులుచేసి, కారణాన్ని తొలగించాలి. ఆలస్యం చేయక వైద్యుని పిలవాలి.

చట్టం కూడా కొంత అండగా ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పనికి తగనివారిని అదే జీతంతో మరొక పనికి మార్చాలి. తగిన ఖాళీ లేకపోతే అదనపు స్థానం కల్పించాలి. అయితే ఈ రక్షణ తాటిచెట్టు మీదనుంచి పడిన గీతకార్మికునికి, మిద్దె కడుతూ జారిపడిన తాపీపనివానికి వర్తించదు. అట్టివారికి కొత్త వృత్తి నేర్పడమే దారి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వెల్లడించిన లెక్క ప్రకారం, వెన్నుపాము దెబ్బతిన్న పెద్దవారిలో నూటికి 60 మందికి పైగా నిరుద్యోగులు. ఈ సంఖ్యను తగ్గించడానికి తెగిన తంతువులు అతుక్కునే రోజు కోసం వేచి ఉండనక్కరలేదు. దెబ్బతిన్న ఉపాధ్యాయుడు పాఠశాలకు తిరిగి వచ్చినప్పుడు తరగతిని మేడమీదనుంచి నేల అంతస్తుకు మార్చి, నల్లబల్లను రెండు అడుగులు క్రిందికి దించి, గుమ్మం ముందు వాలుదారి కట్టితే ఆయన పాఠం తిరిగి మొదలవుతుంది. ఈ పనులు చేయడానికి వైద్యుడు అక్కరలేదు. ఒక తాపీమేస్త్రి, ఒక వడ్రంగి చాలు.