జీపు టైరు మీది అంకెలు

పూతలపట్టు నుంచి తిరుపతి మీదుగా నాయుడుపేటకు పెద్ద రోడ్డుంది. మామిడితోపుల దారులు మాత్రం గతుకులే. అక్కడ పాత జీపే మేలు.

చాలా పాత జీపుల టైరు మీద 6.00-16 అని ఉంటుంది. 6 అంటే టైరు వెడల్పు. 16 అంటే రిమ్ము అడ్డకొలత. రెండూ అంగుళాలే. 16 రిమ్ముకు 15 టైరు పట్టదు.

కొందరు జీపును ఎత్తు చేసి పెద్ద టైర్లు వేస్తారు. అప్పుడు కింద రాళ్లు తగలవు. కానీ మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాల. ఎత్తు పెరిగితే బండి తొందరగా బోల్తా పడుతుంది. జనం నిండితే ఇంకా ప్రమాదం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా బండిని మార్చకూడదు.

అక్కలారా! కూలికి పోతూ జీపెక్కే ముందు టైర్లు చూడండి. నాలుగింటి మీదా ఒకే అంకెలున్నాయా? చదవండి. లేకుంటే డ్రైవరును అడగండి.