జాన్ కోల్ట్రేన్: ఇద్దరే ఇద్దరు.. ఒక్క రోజు రికార్డింగ్! చనిపోయిన ఏడేళ్లకు వచ్చిన ఆల్బమ్.. ఏంటి దీని స్పెషాలిటీ?

పాట అన్నాక ఒక పల్లవి, ఒక లయ, వెనకాల నాలుగైదు వాయిద్యాలు ఉండాలనుకుంటాం. ఇవేవీ లేకుండా ఒక శాక్సోఫోన్, ఒక డ్రమ్స్ సెట్‌తోనే ఆల్బమ్ చేసేస్తే? అదే 'ఇంటర్‌స్టెల్లార్ స్పేస్'. అమెరికా జాజ్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్, డ్రమ్మర్ రషీద్ అలీ కలిసి చేసిన ఆల్బమ్ ఇది.

అసలేం జరిగింది?

1967 ఫిబ్రవరి 22. న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియో. లోపల వాయించింది ఇద్దరే. పాటల పేర్లు మార్స్, వీనస్, జూపిటర్, శాటర్న్. అంటే మన లెక్కలో కుజుడు, శుక్రుడు, గురుడు, శని. రికార్డింగ్ జరిగి ఐదు నెలలు కూడా తిరగలేదు.. జులై 17న లివర్ క్యాన్సర్‌తో కోల్ట్రేన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 40 ఏళ్లే. ఆల్బమ్ మాత్రం 1974లో గానీ బయటకు రాలేదు. తాను చేసిన ఈ రికార్డు శ్రోతల చేతికి అందడం ఆయన చూడనే లేదు.

ఫ్రీ జాజ్ అంటే?

మామూలు జాజ్‌లో బేస్ గిటార్ లాంటి వాయిద్యం లయను పట్టుకుని ఉంటుంది. పియానో స్వరాలకు దారి చూపిస్తుంది. సోలో వాయించేవాళ్లకు ఈ రెండూ ఊతకర్రల్లాంటివి. ఫ్రీ జాజ్‌లో ఆ కట్టుబాట్లు సడలిపోతాయి. కోల్ట్రేన్ అయితే ఇక్కడ ఆ రెండు వాయిద్యాలనే పక్కన పెట్టేశారు. తప్పు జరిగితే కప్పిపుచ్చడానికి ఇంకెవరూ లేరన్నమాట!

మన తని ఆవర్తనం లాంటిదేనా?

కొంతవరకే. కచేరీలో మృదంగ విద్వాంసుడు ఎంత చెలరేగినా తాళం లెక్క తప్పదు. మనం చేత్తో తాళం వేస్తూ వినొచ్చు. ఇక్కడ అలా కుదరదు. అలీ లెక్క ప్రకారం దెబ్బ వేయరు, అన్ని వైపుల నుంచీ శబ్దాలు కురిపిస్తారు. అలాగని అంతా గందరగోళం కాదు. మొదట చిరుగంటల సవ్వడి, తర్వాత చిన్న ట్యూన్, దాన్ని విడగొట్టి, సాగదీసి, చివరికి మళ్లీ అక్కడికే రావడం.. ఈ వరుస జాగ్రత్తగా వింటే తెలుస్తుంది.

మన దేశంతో లింక్

కోల్ట్రేన్‌కు భారతీయ సంగీతం అంటే ప్రాణం. సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ మీద అభిమానంతో 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నారు. ఆ రవి కోల్ట్రేన్ కూడా ఇప్పుడు పేరున్న శాక్సోఫోన్ కళాకారుడే.

అందరికీ నచ్చిందా?

లేదు. కోల్ట్రేన్ ఈ దారి పట్టాక పాత బృందంలోని పియానిస్ట్ మెకాయ్ టైనర్, డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ వెళ్లిపోయారు. పాత అభిమానుల్లో చాలామంది ఇది సంగీతమా, గోలా అన్నారు. కానీ తర్వాతి రోజుల్లో శాక్సోఫోన్, డ్రమ్స్ జంటగా వాయించాలనుకున్న కళాకారులకు ఇదే కొండగుర్తు అయింది. రషీద్ అలీ 2009లో కన్నుమూశారు.

ఎలా వినాలి?

మొదటి ఆల్బమ్ నిడివి సుమారు 36 నిమిషాలు. కొత్తవాళ్లు మిగతావాటికంటే కాస్త నెమ్మదిగా సాగే 'వీనస్'తో మొదలుపెడితే మంచిది. ఫోన్ స్పీకర్‌లో డ్రమ్స్ సగం వినపడవు, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. మొదటిసారి శాక్సోఫోన్‌ను, రెండోసారి డ్రమ్స్‌ను మాత్రమే పట్టుకుని వినండి. మూడోసారికి ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు అనిపిస్తే.. మీకు ఫ్రీ జాజ్ అర్థమైనట్టే!